తోడు మనిషి

కక్కిన వాసన నాకు కొత్త కాదు. తొమ్మిదేళ్ల క్రితం ఒళ్లు తగ్గడానికి నా కడుపు కోసి, పొట్టని కోడిగుడ్డంత చేసి కుట్టినప్పుడు మూడు నెలలపాటు నా మంచం పక్కన బక్కెట్టు ఉండేది. ఆ తర్వాత మా ఊళ్లో అదే ఆపరేషన్ చేయించుకున్న పదకొండుమందికి నేను తోడు మనిషిని. ఇలాంటి రోగుల సంఘంవాళ్లు రెండురోజులు శిక్షణ ఇచ్చారు, మెళ్లో వేసుకోవడానికి పేరు రాసిన కార్డు ఇచ్చారు. పదకొండుమంది బక్కెట్లూ చూశాను. అయినా నాకు అసహ్యం పోలేదు. చెయ్యాల్సిన పని చేస్తాను గాని, చేస్తున్నంతసేపూ ఊపిరి బిగబట్టుకుంటాను. ఈ సంగతి శిక్షణ ఇచ్చినవాళ్లకి చెప్పలేదు.

ఈ ఏడాది పన్నెండో మనిషి మా తమ్ముడు రైమో భార్య సైయా.

సైయా బడి వంటశాలలో పని చేసేది. నాలుగువందలమంది పిల్లలకి మధ్యాహ్నం భోజనం. ఎవరికి పాలు పడవో, ఎవడు బఠానీలు జేబులో దాచుకుంటాడో అన్నీ తనకి నోటికే వచ్చు. పిల్లలు పళ్లేల్లో మిగిల్చింది పారెయ్యడానికి చేతులు రాక నోట్లో వేసుకుని, యాభైయేళ్లు వచ్చేసరికి నూట ముప్ఫై కిలోలైంది. ఏప్రిల్ మధ్యలో ఆపరేషన్ చేశారు. ఆగస్టులో బళ్లు తెరిచేసరికి మళ్లీ గరిటె పట్టుకోవాలని తన ఆశ. అది నా పూచీ అని రైమోకి నేనే చెప్పాను. ఎవరూ అడగలేదు, నేనే చెప్పాను.

మంగళవారం సాయంత్రాలు చర్చి హాల్లో మా గుంపు కలుస్తుంది. గుడ్డంతేసి పొట్టలున్న మనుషులం, బల్ల చుట్టూ కూచుంటాం. బల్లమీద ఫ్లాస్కు నిండా కాఫీ, పళ్లెం నిండా దాల్చినచెక్క బన్నులు. ఆ బన్నులు ఎవరూ ముట్టరు. కానీ కాఫీ, బన్నూ లేకపోతే మా ఉత్తరపు చలిదేశంలో దాన్ని మీటింగు అనరు. కాబట్టి అవి అక్కడే చెమటలు పోస్తూ పడుంటాయి. చుట్టూ కూచుని ఎవరు ఎన్ని కిలోలు తగ్గారో చెప్పుకుంటాం. ఒకడు చొక్కా ఎత్తి వేలాడే తోలు చూపిస్తాడు. ఇంకొకావిడ పాత ఫోటో తీసి, "ఈ పందిని గుర్తుపట్టారా?" అని తనమీద తనే నవ్వుతుంది. నాకు ఒళ్లు జలదరిస్తుంది. అయినా మెళ్లో కార్డు ఉంది కదా, చప్పట్లు కొడతాను.

మే నెల రెండో మంగళవారం సైయా బన్నుల పళ్లెం వంక చూసి, లేచి, గబగబా బయటికి వెళ్లింది. నేను గిన్నె పట్టుకుని వెనకాలే వెళ్లాను.

"ఎంత తిన్నావు?" అన్నాను మొహం పక్కకి తిప్పుకుని.

"రెండు చెంచాలు. గంజి."

"ఎంతసేపట్లో?"

"గడియారం చూళ్లేదు ఇర్మెలీ."

"ముప్ఫైసార్లు నమలమన్నానా లేదా?"

"గంజిని ముప్ఫైసార్లు ఎలా నమిలేది?" అంది. నవ్వుదామనుకుంది గాని మళ్లీ గిన్నెమీదికి వంగింది.

నాకు కోపం వచ్చింది. తొమ్మిదేళ్లనుంచి ఎవరూ నన్ను అలా అడగలేదు. "మొదటి రెండు నెలలూ అందరూ కక్కుకుంటారు, నేనూ కక్కుకున్నాను, ఆత్రం తగ్గించుకో" అన్నాను. గిన్నె కడిగాను. చేతులు రెండుసార్లు కడుక్కున్నాను. ఆ వారం నుంచి ప్రతి రెండోరోజూ ఫోన్ చేసేదాన్ని. "ఎలా ఉన్నావు?" అంటే "పర్లేదు" అనేది. మా మనుషులకి లాటరీ తగిలినా పర్లేదే, కాలు విరిగినా పర్లేదే. ఆ మాట వెనక ఏముందో తవ్వి చూడటం మాకు చేతకాదు. ఒకరి పెరట్లోకి తొంగిచూసినట్టు ఉంటుంది. నేను పుస్తకంలో 'పర్లేదు' అని రాసుకుని ఫోన్ పెట్టేసేదాన్ని.

జూన్ మొదట్లో సరస్సు ఒడ్డునున్న వేసవి ఇల్లు తెరిచాం. మా అమ్మ హిల్కాకి ఎనభైనాలుగు. ఆ ఇంటికి ఇప్పటికీ రాణి తనే. పడవకి తారు పూయించడం, కిటికీలు కడిగించడం, ఎవరు ఎప్పుడు స్నానానికి వెళ్లాలో చెప్పడం అన్నీ ఆవిడే. సైయా కారు దిగగానే కిందనుంచి పైదాకా చూసింది.

"సగం మనిషివైపోయావే," అంది అమ్మ.

"ముప్ఫైయొక్క కిలోలు!" అన్నాడు రైమో, తనే ఏదో పోటీ గెలిచినట్టు. "ఏడు వారాల్లో! ఇర్మెలికి కూడా ఇంత తగ్గలేదు."

అది నిజం. నాకు కాస్త గుచ్చుకుంది కూడా. ఇంత తొందరగా ఎలా తగ్గింది అని తోడు మనిషి అడగాలి. నేను అడగలేదు. కుళ్లుకున్నానని అనుకుంటారేమోనని ఊరుకున్నాను.

ఆ మధ్యాహ్నం కట్టెల కొట్టం వెనక సైయా చెట్టు పట్టుకుని నిలబడి ఉంది. కాళ్ల దగ్గర తెల్లటి గుళికలు రెండు, మట్టిలో. నేను ఇచ్చిన విటమిన్ మాత్రలు.

"ఇవి కూడా నిలవట్లేదు," అంది. "నీళ్లు తప్ప ఏదీ కిందికి దిగట్లేదు. డాక్టర్‌కి ఫోన్ చెయ్యనా?"

"ఎవరెత్తుతారు? సగంమంది సెలవుల్లో ఉన్నారు. వాళ్లు ఫోన్ తీసి, తోడు మనిషిని అడగండి అంటారు. నేను ఇక్కడే ఉన్నాగా. నమిలే మాత్రలు తెస్తాను."

తెచ్చాను. నారింజ రుచివి. వారానికి సరిపడా గళ్ల డబ్బాలో నా చేత్తోనే సర్ది ఇచ్చాను. రైమోని పక్కకి పిలిచి, "ఇంట్లో ఏమన్నా తింటోందా?" అన్నాను. వాడు బూటుతో గులకరాయి తన్నాడు. "నేను అడగను ఇర్మెలీ. ఆపరేషన్‌కి ముందు నలభైయేళ్లు దాని తిండి మీద అందరూ కామెంట్లే. ఇప్పుడైనా దాన్ని వదిలేద్దామని," అన్నాడు. వాడు మంచివాడు. ఇంటిల్లిపాదీ మంచివాళ్లమే. అందరం కలిసి చాలా మర్యాదగా దాన్ని వదిలేశాం.

నడివేసవి పండగకి అందరం మళ్లీ అక్కడే చేరాం. సాయంత్రం ఆరైనా ఎండ నెత్తిమీదే ఉంది. గుమ్మానికి రెండువైపులా బర్చ్ చెట్టు కొమ్మలు కట్టాం, జెండా ఎత్తాం. కొత్త బంగాళాదుంపలు, ఉప్పుచేప, సోయికూర. ఒడ్డున నెగడుకి కట్టెలు పేర్చి ఉన్నాయి. పక్క ఇళ్లవాళ్లు పడవల్లో అటూ ఇటూ తిరుగుతూ పాటలు అందుకున్నారు. ఆ రోజు మా దేశంలో తాగనిది పసిపిల్లలు, పాస్టర్లు. నేనూ తాగను. మా నాన్న మా అందరి వాటా తాగి పోయాడు.

సైయా మరుగుదొడ్డి వైపునుంచి నడిచి వస్తోంది. కాళ్లు ఎడంగా వేస్తూ, పక్కన లేని గోడని చేత్తో వెతుక్కుంటూ. బల్ల దగ్గరికొచ్చి కుర్చీ ఉన్నచోట కాకుండా జానెడు ఇవతల కూచోబోయింది. రైమో పట్టుకున్నాడు.

"బంగాళాదుంపలు ఉడికాయా?" అంది.

"తింటున్నాంగా," అంది అమ్మ.

"ఆఁ." పళ్లెం వంక చూసి, "బంగాళాదుంపలు ఉడికాయా?"

నేను సైయా మొహంలోకి వంగాను. కళ్లు చూశాను. రెండూ స్థిమితంగా లేవు, అటూ ఇటూ సన్నగా వణుకుతున్నాయి. నాకు అర్థమైపోయింది. అంటే, అర్థమైపోయిందనుకున్నాను. తిండి మానినవాళ్లలో కొందరు సీసా పడతారు, మా శిక్షణలో ఒక పూట మొత్తం దానిగురించే చెప్పారు. కోసిన పొట్టకి ఒక్క గ్లాసు నాలుగు గ్లాసుల పెట్టు. రైమో తన బీరు డబ్బాలు మెల్లిగా బల్లకిందికి జరిపాడు. అంటే వాడికీ అదే తోచింది. అమ్మ పెదాలు బిగించి, వాలుకుర్చీ సైయా వైపు తోసింది. మా దగ్గర తాగినవాళ్లని తాగావా అని అడగరు. కూచోబెడతారు, చూపు తిప్పుకుంటారు. రేపు ఆ ఊసు ఎత్తరు.

నేను లోపలికి వెళ్లి దాని సంచీ వెతికాను. సీసా దొరకలేదు. నేను సర్దిన మాత్రల డబ్బా దొరికింది, ఒక్క గడీ ఖాళీ కాలేదు. మాత్రలు మానేసి తాగుడుకి దిగిందన్నమాట, సీసా ఏ పొదలోనో ఉండి ఉంటుంది అనుకున్నాను.  మా నాన్న దాచుకునే చోట్లన్నీ కళ్లముందు తిరిగాయి.

ఆవిరిస్నానానికి మొదటి వంతు ఆడవాళ్లది. అమ్మ, నేను, సైయా. ఆవిరిగదిలో మాకు ఒంటిమీద నూలుపోగు ఉండదు, సిగ్గూ ఉండదు. నా పొట్ట తోలు తొడలమీదికి వేలాడుతుంది, అమ్మ అయితే ఎండిన కొమ్మ. సైయా ఒంటిమీద తోలు ఎక్కడికక్కడ జారిపోయి ఉంది. కింది మెట్టుమీద కాలు పెట్టబోయి గాల్లో పెట్టింది. మళ్లీ పెట్టింది. మూడోసారికి అమ్మ చెయ్యిచ్చి కూచోబెట్టింది. వేడిరాళ్లమీద నీళ్లు చల్లితే ఆవిరి లేచింది. రెండు నిమిషాలు కాలేదు, సైయా లేచి తలుపు తోసుకుని బయటపడింది. నేనూ వెళ్లాను. చెక్కమెట్ల మీద కూలబడి, నా పాదాలమీదే కక్కింది. పసుప్పచ్చటి నీళ్లు.

ఊపిరి బిగబట్టాను. బక్కెట్టుతో సరస్సు నీళ్లు ముంచి నా కాళ్లమీద, దానిమీద, మెట్లమీద గుమ్మరించాను. తువ్వాలు ఒకటి దానిమీదికి విసిరాను, దాంతో మూతి తుడుచుకుంది.

"కడుపు కోయించుకుంది ఇందుకేనా?" అన్నాను. "డాక్టర్లు పనీపాటా లేక నీ పొట్ట కుట్టారా? ఆగస్టులో ఈ మొహం పెట్టుకునే పిల్లల ముందుకి వెళ్తావా?"

సైయా తలెత్తింది. నావైపు చూడ్డానికి తల మొత్తం తిప్పింది. "నేను తాగలేదు," అంది. నాలిక మందంగా ఆడింది.

"మా నాన్న కూడా చచ్చేదాకా అదే అన్నాడు. ఛీ."

"ఇర్మెలీ, ఊరుకో," అంది అమ్మ లోపలినుంచి. "పడవలవాళ్లకి వినబడుతుంది."

రైమో వచ్చి దాన్ని భుజానికి ఆనించుకుని తీసుకెళ్లాడు. ఇంటిపక్క చిన్నగదిలో పడుకోబెట్టి, దుప్పటి కప్పి, బక్కెట్టు పెట్టి, తలుపు దగ్గరగా వేశాడు. తర్వాత నెగడు వెలిగించాం. అమ్మ కాఫీ పోసింది. సైయా పేరు ఎవరి నోటా రాలేదు.

మర్నాడు పొద్దున ఎవరూ ఆ గది తలుపు కొట్టలేదు. తాగి పడుకున్నవాళ్లని నిద్ర లేపకూడదు, వాళ్లంతట వాళ్లే సిగ్గుపడుతూ బయటికి రావాలి. రైమో చేపలకి వెళ్లాడు. అమ్మ రేడియోలో ప్రార్థన వింది. పన్నెండు దాటింది.

నేను ఒడ్డున పడవ కట్టే చెక్కవంతెన మీద మోకాళ్లమీద కూచుని నిన్నటి తువ్వాలు ఉతకబోయాను. రాత్రంతా మెట్లమీదే పడి ఉంది, ఎండకి అట్టగట్టింది. విప్పుతుంటే గాలి నా మొహంమీదికి కొట్టింది. ఊపిరి బిగబట్టడం మర్చిపోయాను.

పుల్లటి వాసన. ఖాళీ పొట్ట వాసన. అంతే.

మళ్లీ మొహానికి దగ్గరగా పెట్టుకుని వాసన చూశాను. మా నాన్న చొక్కాలు ఉతికినదాన్ని నేను. మర్నాటికైనా, మూడోనాటికైనా ఆ కంపు గుడ్డని వదలదు. ఆవిరిగదిలో అయితే తాగినవాడి ఒళ్లంతా అదే గుప్పుమంటుంది, నిన్న అక్కడ అమ్మ, నేను, సబ్బు తప్ప ఏమీ లేదు. నిన్న అది నేను పట్టించుకుంటే కదా. తువ్వాలు నీళ్లలో వదిలేసి పరిగెత్తాను.

సైయా మేలుకునే ఉంది. బక్కెట్టు ఖాళీగా ఉంది. మంచం తడిసి ఉంది.

"సైయా, నన్ను చూడు. ఇటు."

తల తిప్పింది. కళ్లు మాత్రం పక్కకి రాలేదు.

"నేనెవరు?"

చాలాసేపు ఆలోచించింది. మర్యాదగా నవ్వింది. "బళ్లో పనిచేస్తారా మీరు?" అంది.

అంబులెన్సు రావడానికి నలభై నిమిషాలు పట్టింది. దిగిన కుర్రది మోకాలి మీద కూచుని సైయా కళ్లలోకి లైటు వేస్తూ, "నిన్న ఎంత తాగారు?" అంది. పండగ మర్నాడు వాళ్లు అందరినీ అడిగే మొదటి ప్రశ్న అదే.

"కాస్త ఎక్కువే అయినట్టుంది," అన్నాడు రైమో తల దించుకుని.

"చుక్క కూడా తాగలేదు," అన్నాను. "ఏప్రిల్‌లో కడుపు ఆపరేషన్. ఆరు వారాలనుంచి వాంతులు. మాత్రలు కూడా నిలవట్లేదు."

ఆ పిల్ల చేతిలో లైటు ఆగింది. ఫోన్‌లో డాక్టర్‌తో ఏదో మాట్లాడింది. అక్కడికక్కడే నరానికి సూది గుచ్చింది. రైమో నావంక చూశాడు. వాడు ఆ ఆరు వారాల లెక్క వినడం అదే మొదటిసారి.

ఆసుపత్రిలో డాక్టర్ ముసలాయన. మెల్లగా చెప్పాడు. పొట్ట కింద కుట్టిన దారి సన్నబడి మూసుకుపోయింది, దాంట్లోంచి ముప్ఫైసార్లు నమిలినా గంజి దిగదు. వాంతులతో ఒంట్లో ఒక విటమిన్ పూర్తిగా అడుగంటింది. అది లేకపోతే ముందు నడక పోతుంది, కళ్లు వణుకుతాయి, తర్వాత జ్ఞాపకం. చూసినవాళ్లు తాగారనుకుంటారు అని తనే అన్నాడు. మేం చెప్పకుండానే.

"వారం ముందు తెస్తే?" అన్నాడు రైమో.

"వారం ముందు తెస్తే సూది వేసి ఇంటికి పంపేవాణ్ణి," అన్నాడు. తర్వాత కాగితం తీసి, "ఇంటిదగ్గర ఈవిణ్ణి చూసుకుంటున్నది ఎవరు?" అన్నాడు.

"నేనే," అన్నాను. ఆయన పేరు రాసుకున్నాడు.

కళ్లు నాలుగురోజుల్లో కుదుటపడ్డాయి. మూసుకున్న దారి తెరిచారు, తిండి దిగింది. జూలై చివరికి చేతికర్రతో నడిచింది. జ్ఞాపకం మాత్రం తిరిగి రాలేదు. పాతవన్నీ ఉన్నాయి, ఏ పిల్లాడికి పాలు పడవో ఇప్పటికీ చెబుతుంది. ఆపరేషన్, ఆ తర్వాత కొన్ని రోజులు గుర్తున్నాయి, అటుపైన ఏదీ లేదు. ఈరోజు చెప్పింది రేపటికి నిలవదు. ఆగస్టులో బళ్లు తెరిచారు. వంటశాలలో తన చోట కొత్తమనిషిని పెట్టుకున్నారని రైమో సైయాకి ఐదుసార్లు చెప్పాడు, ఐదుసార్లూ ఏడ్చింది. ఆరోసారి చెప్పడం మానేశాడు.

అప్పటికి తనని వేరే వార్డుకి మార్చారు, నడక, జ్ఞాపకం నేర్పే చోటు. అక్కడికి మారిన మొదటి మంగళవారం నేను వెళ్లాను. చర్చి హాలుకి వెళ్లడం మానేశాను. మెళ్లో కార్డు సంఘానికి పోస్టులో పంపేశాను.

"నాకేమైంది ఇర్మెలీ?" అంది. "రైమో జబ్బు చేసింది అంటాడు. అంతకంటే చెప్పడు. నువ్వు అక్కడ ఉన్నావా?"

"ఉన్నాను." కుర్చీ దగ్గరికి లాక్కున్నాను. "కొట్టం వెనక డాక్టర్‌కి ఫోన్ చెయ్యనా అని అడిగావు. అక్కర్లేదన్నాను. పండగనాడు తూలుతుంటే తాగావనుకున్నాను. నా కాళ్లమీద కక్కితే అసహ్యం వేసి తిట్టాను. రాత్రంతా నిన్ను ఆ గదిలో వదిలేశాం."

కిటికీ వైపు తిరిగింది.

"తాగలేదని నేను చెప్పానా?"

"చెప్పావు."

"నమ్మలేదు."

"నమ్మలేదు."

"వెళ్లు ఇర్మెలీ," అని గోడవైపు తిరిగి పడుకుంది. భుజాలు కదులుతున్నాయి.

వెళ్లాను. బస్సులో కూచున్నాక నాకు తేలిగ్గా అనిపించింది. నిజం చెప్పేశాను, దెబ్బ తిన్నాను, ఇక చెల్లు అనిపించింది. ఆ తేలిక తలుచుకుంటే ఇప్పుడు కూడా నా ఒంటిమీద నాకే రోత పుడుతుంది.

తర్వాతి మంగళవారం గుమ్మంలో అడుగు పెట్టానో లేదో, "ఇర్మెలీ! ఇన్నాళ్లకి గుర్తొచ్చానా?" అని చేతులు చాచింది. ఏమీ గుర్తులేదు. ఒక్క ముక్క కూడా. నేను మళ్లీ మొదలుపెట్టబోయాను. రైమో నా మోచెయ్యి పట్టుకుని నడవాలోకి లాక్కెళ్లాడు.

"నువ్వు వెళ్లాక పోయిన వారం రాత్రి దాకా ఏడ్చింది. ఎందుకు ఏడుస్తోందో మర్చిపోయి కూడా ఏడ్చింది. మళ్లీ చెప్పకు."

"అది సైయా తెలుసుకోవాల్సిన విషయం రైమో."

"ఎవరికోసం?" అన్నాడు.

 వాడన్నది నిజం. వాడన్నది నాకు ఎంతో వీలుగా కూడా ఉంది. ఆ రెండూ ఒకే మాటలో ఉండటం నాకు మింగుడు పడలేదు. లోపలికి వెళ్లి కూచుని, వాతావరణం గురించి మాట్లాడాను.

ఆగస్టు ఆఖరి మంగళవారం కొత్త నర్సు వచ్చింది. సైయా జుట్టు దువ్వుతూ, "ఎవరండీ వీరు, ప్రతివారం వస్తున్నారట?" అని అడిగింది.

"మా ఆడపడుచు," అంది సైయా నా చెయ్యి పట్టుకుని. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. "నాకు కడుపు ఆపరేషన్ అయింది కదా, నన్ను కనిపెట్టుకుని ఉండేది ఈమే. నాకు ఏ కాస్త తేడా చేసినా, అందరికంటే ముందు ఈమెకే తెలిసిపోతుంది."

నర్సు నావంక చూసి నవ్వింది. "అలాంటివాళ్లు ఒకరుండాలండీ," అంది.

"ఉండాలి," అన్నాను.